ఆయుష్షు తీరిందని చెప్పడానికి వాళ్ళెవరు?

"దీనికింక ఆయుష్షు తీరిపోనాదమ్మా! ఇనప సామాన్లోడికి ఏసీండి" అన్నాడు విజయనగరంలో షాపు కుర్రాడు, నా లాప్‌టాప్ మూత టప్పున మూసేస్తూ.

గజపతినగరం నుంచి బస్సులో ముప్పావుగంట, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళినదాన్ని నేను. వాడు దాన్ని చూసింది నిండా రెండు నిమిషాలు లేదు. మా మానాపురం సంతలో ఎద్దుని బేరమాడే రైతు అంతకంటే నయం. పళ్ళు చూస్తాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అప్పుడు గానీ ముసలిదని పేరు పెట్టడు. ఈ కుర్రాడు అవేవీ చెయ్యలేదు. ఎప్పుడు కొన్నారని అడిగాడు. 2015 అన్నాను. అంతే, జాతకం చెప్పేశాడు. ఆ నోటితోనే నలభై వేలకి కొత్తది చూపించాడు.

పోనీ, నా దానికేమన్నా జబ్బు చేసిందా అంటే అదీ లేదు. మూత తీస్తే వెలుగుతుంది. కొడితే అక్షరం పడుతుంది. నాలుగు నవలలు దానిమీదే రాశాను. కాస్త నెమ్మదించిన మాట నిజమే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ మెట్లెక్కినట్టు తెరుచుకుంటుంది. అంతమాత్రాన పెద్దావిడని ఎవరైనా ఇనప సామాన్లవాడికి వేస్తారా?

అసలు సంగతేమిటంటే, మన ఇళ్ళల్లో ఉన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం నడిచేది విండోస్ అనే వ్యవస్థ మీద. అందులో పదో తరంవి, అంటే విండోస్ 10కి, 2025 అక్టోబరు 14తో పోషణ ఆపేస్తున్నట్టు దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారు ప్రకటించి, అన్నట్టే ఆపేశారు. పోషణంటే ఏమిటో అనుకునేరు. దొంగలు కొత్త కొత్త కన్నాలు కనిపెడుతూ ఉంటారు గదా, ఆ కన్నాలకి ఎప్పటికప్పుడు వేసే మాట్లు. విడిగా పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా, ఆ మాట్లు వేస్తామన్నారు. మరి పదకొండో తరానికి మారిపోదామా అంటే, దానికి టీపీఎం 2.0 అనే కాపలా చిప్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్ళ జాబితాలో ఉండాలి. 2018కి ముందు తయారైన యంత్రాల్లో చాలావాటికి ఆ గుమ్మంలో ప్రవేశం లేదు.

మాట్లు పడని యంత్రంతో ఇంటర్నెట్‌లోకి వెళ్ళడం ప్రమాదమన్న మాట నిజం. ఆ చిప్ వల్ల భద్రత పెరుగుతుందన్న మాటలోనూ నిజముంది. నేను కాదనను. కానీ "కాబట్టి కొత్తది కొనుక్కో" అన్న మూడోమాట ఉంది చూశారూ, అదే పచ్చి అబద్ధం. రోగం ఉంది, ఒప్పుకున్నాను. మందు ఒకే కొట్లో దొరుకుతుందని ఎవరు చెప్పారు?

మందు ఇంకో చోట ఉందని నాకు చెప్పింది మా ఎదురింటి టీచరుగారమ్మాయి. ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకొచ్చి, నా గోడు విని, నవ్వి, "లినక్స్ వేసుకో పిన్నీ, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు" అనేసి, నేను అర్థం చేసుకునేలోపు కాలేజీకి వెళ్ళిపోయింది. మా వారిని అడిగితే "మనకెందుకొచ్చిన గొడవ!" అన్నారు. ఆ "మనకెందుకు"లో "మన" అన్నది ఉత్త మర్యాదకి. "నీకెందుకు" అని దాని తాత్పర్యం. బి.ఏ. చదువుకుని కథలు రాసుకునే మనిషికి ఎందుకని. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మొదలుపెట్టాను.

లినక్స్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు తన కంప్యూటరుకి తనే ఒక గుండెకాయ రాసుకుని లోకానికి ఇచ్చేశాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన సాఫ్ట్‌వేర్ అనేది ఎవరైనా వాడుకునేలా, విప్పి చూసుకునేలా, మార్చుకునేలా, పదిమందికి పంచుకునేలా ఉండాలని పంతం పట్టి 'గ్నూ' అనే పని మొదలుపెట్టి ఉన్నాడు. ఆ శరీరానికి ఈ గుండె అతికింది. దాన్ని తీసుకుని రకరకాలవాళ్ళు రకరకాల రుచుల్లో వండి వడ్డిస్తున్నారు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ అని పేర్లు. నేను ఎంచుకున్నది లినక్స్ మింట్. దానికి 2 జీబీ మెమరీ ఉంటే బండి నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది, డిస్కులో 20 జీబీ చోటు చాలు. నా ముసలిదానికి అంతకన్నా ఎక్కువ ఆస్తే ఉంది.

"ఊరికే వచ్చిందాన్లో పస ఏముంటుందీ" అని మీలో చాలామంది ఇప్పటికే పెదవి విరిచి ఉంటారు. ఇంగ్లీషువాడికి ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట. అందుకని వాడు నలభై ఏళ్ళుగా ఆ రెండింటికీ తేడా చెప్పుకోలేక ఆపసోపాలు పడుతున్నాడు. మనకా అవస్థ లేదు. మన భాషలో రెండు మాటలున్నాయి. ఇది స్వేచ్ఛా వ్యవస్థ, ఉచితంగా కూడా దొరుకుతుంది. హైదరాబాదులో కొంతమంది ఔత్సాహికులు ఈ వ్యవస్థని తెలుగులోకి తెచ్చి 2005లో విడుదల చేసినప్పుడు దానికి పెట్టిన పేరే 'స్వేచ్ఛ'. ఇక పస సంగతంటారా, మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని లోపల కొట్టుకునేది లినక్స్ గుండే. ప్రపంచంలోకెల్లా పెద్ద సూపర్ కంప్యూటర్లు అయిదొందలకి జాబితా వేస్తారు. 2017 నవంబరు నుంచి ఆ అయిదొందలూ దీనిమీదే నడుస్తున్నాయి. అంత పెద్దవాళ్ళకి పనికొచ్చింది నా నవలకి పనికిరాదా?

సరే, పెన్‌డ్రైవ్ దగ్గరికొస్తాను. ఇక్కడే నేను బోర్లా పడ్డాను, మీరు పడకూడదని చెబుతున్నాను.

మింట్ వాళ్ళ సొంత చోటు నుంచే ఒక పెద్ద ఫైలు దింపుకోవాలి. ఐఎస్ఓ అంటారు, ఇంచుమించు 3 జీబీ ఉంటుంది. సాయంత్రం దింపడం మొదలుపెట్టి వంటింట్లోకి వెళ్ళి, కూర తాలింపు వేసి వచ్చేసరికి దిగి కూచుంది. ఎంత సులువనుకుని, ఆ ఫైలుని పెళ్ళి ఫోటోలు కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. పెట్టాను. కంప్యూటరు దానికేసి కన్నెత్తి కూడా చూడలేదు. ఎప్పటిలాగే విండోస్ వచ్చి నిలబడింది. ఒకటికి మూడుసార్లు చేశాను. అర్ధరాత్రయింది. మా వారు పక్క గదిలోంచి ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట!

తెల్లారాక ఆ అమ్మాయికి ఫోను చేస్తే, "అయ్యో పిన్నీ, కాపీ చెయ్యకూడదు, రాయాలి" అంది. పులిహోర పొడి ప్యాకెట్టుని చింపకుండా అన్నంలో పెట్టి కలిపితే పులిహోర అవుతుందా? ఐఎస్ఓ అలాంటి మూతికట్టిన ప్యాకెట్టు. దాన్ని విప్పి, లోపలున్న సరుకుని పెన్‌డ్రైవ్ మీద ఏ చోట ఏది ఉండాలో అక్కడ సర్దితేనే కంప్యూటరు దాన్ని గుర్తుపడుతుంది. ఆ సర్దే పనికి రూఫస్ అనో, ఎచర్ అనో చిన్న ఉపకరణాలున్నాయి. అవీ ఉచితమే. ఫైలేదో చూపించి, పెన్‌డ్రైవ్ ఏదో చూపించి, 'స్టార్ట్' అంటే పది నిమిషాల్లో అయిపోతుంది. పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. దాన్లో అంతకుముందున్నవన్నీ తుడిచిపెట్టుకు పోతాయి సుమండీ! మనవడి అన్నప్రాశన ఫోటోలున్న పెన్‌డ్రైవ్ పెట్టి తర్వాత నన్ను తిట్టుకోకండి.

ఇంకొక్కమాట. దింపుకున్న సరుకు కల్తీ లేకుండా వచ్చిందో లేదో చూసుకునే ఏర్పాటు ఉంది. ఆ ఫైలుకి అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ కలిపి ఒక గుర్తు కట్టి పెడతారు. మన దగ్గరున్న ఫైలుకీ లెక్క కట్టిస్తే అచ్చంగా అదే రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పారేసి మళ్ళీ దింపుకోవడమే. కిరాణా కొట్టువాడు తూచి ఇచ్చిన పంచదారని ఇంటికొచ్చి మళ్ళీ తూచుకునే ఇల్లాళ్ళకి ఇది ఒకరు నేర్పాలా?

ఇక కంప్యూటరు చేత ఆ పెన్‌డ్రైవ్‌ని లెక్కచేయించడం. పొద్దున్నే లేవగానే అలవాటుగా పెరటి తలుపు తీసేవాళ్ళలా, కంప్యూటరు మీట నొక్కగానే ముందు తన సొంత డిస్కు దగ్గరికే పోతుంది. "ఇవాళ వీధి తలుపు తియ్యవే" అని చెవిలో చెప్పాలి. ఆ చెప్పడానికి దొరికే వ్యవధి రెండు మూడు సెకన్లు. ఆన్ చేసిన వెంటనే, బొమ్మ పడకముందే, ఎఫ్12 కీని టకటకా కొట్టాలి. కొన్ని కంపెనీల వాటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. మొదటిసారి ఆలస్యం చేశాను, విండోస్ వచ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆన్ చేస్తూనే వేలు తియ్యకుండా కొట్టాను. నల్లటి తెర మీద ఒక జాబితా పడింది. అందులో నా పెన్‌డ్రైవ్ పేరు! మొదటి కథ అచ్చయిన రోజున కూడా అంత గట్టిగా కేకవెయ్యలేదు నేను. కొన్నిట్లో సెక్యూర్ బూట్ అనే కాపలావాడు అడ్డం తగులుతాడట. సెట్టింగుల్లోకి వెళ్ళి వాణ్ణి కాసేపు పక్కకి నిలబెట్టొచ్చు. నాకా అవసరం పడలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెబుతాను. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన మింట్ వెంటనే మన డిస్కు మీద పడి ఏమీ చేసెయ్యదు. చుట్టపుచూపుగా వస్తుంది. ఉంటుంది, తిరుగుతుంది, పాట పాడి వినిపిస్తుంది, ఇంటర్నెట్ చూపిస్తుంది. వద్దనుకుంటే ఆపేసి పెన్‌డ్రైవ్ లాగేస్తే సరి, మన పాత సంసారం మనకి ఉన్నదున్నట్టు ఉంటుంది. నచ్చితే అప్పుడు 'ఇన్‌స్టాల్' అన్న బొమ్మ నొక్కి ఇల్లరికం తెచ్చుకోవచ్చు. పెళ్ళికి ముందు పిల్లవాడి గుణగణాలు నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసే వెసులుబాటు మనలో ఎంతమందికి దక్కింది చెప్పండి! నేను మూడు రోజులు అలాగే చూశాను. పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు కాస్త నత్తనడకే, అది చూసి నిరాశపడకూడదు. నా వైఫై మొదట దొరకలేదు. ఫోనుని తీగతో కలిపి ఇంటర్నెట్ ఇస్తే, కావలసిన డ్రైవరు అదే వెతికి తెచ్చుకుంది. నాలుగోరోజున నా రాతలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి దాచుకుని, ఇల్లరికానికి ఒప్పుకున్నాను. అరగంట పట్టింది.

ఇంతా విని, "మీరు రచయిత్రులు, మీకు చేతనవుతుంది, మాకెక్కడ వస్తాయమ్మా ఇవన్నీ" అంటారు మీరు. నాకు తెలుసు. మా వీధిలో నలుగురు అప్పుడే అన్నారు. నా అసలు పోట్లాట షాపువాడితో కంటే మీతోనే. కుక్కరు విజిలు రాకపోతే వాషరు మార్చుకుంటాం. మిక్సీ జారు కింద బ్లేడు బిగుసుకుపోతే నూనె చుక్క వేసి తిప్పి చూస్తాం. గ్యాసు బండ మారుస్తాం. అవి ప్రాణాపాయమైన పనులు! పెన్‌డ్రైవ్ పేలదు కదా? మరి కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఆ చేతులే ఎందుకు ముడుచుకుపోతాయి? "నాకేం తెలీదు బాబూ" అనడంలో ఒక సుఖం ఉంది. ఆ మాట అన్నాక ఇంకెవరో చూసుకుంటారు. చూసుకున్నవాడి మాటే చెల్లుతుంది. కొనమంటే కొంటాం, పారెయ్యమంటే పారేస్తాం. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే గదంత కంప్యూటరుని లోకానికి చూపించినప్పుడు, దానికి పని నేర్పినవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. చాలాకాలం వాళ్ళ పేర్లు కూడా ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్ళకి రాదన్నది ఎప్పటిదో శాస్త్రం కాదు, తర్వాత పుట్టించిన పుకారు.

భాష సంగతీ ఇలాగే ఉండేది. మా ఉత్తరాంధ్ర గడ్డ మీద గిడుగు రామమూర్తి పంతులుగారూ, గురజాడ అప్పారావుగారూ జనం మాట్లాడే తెలుగే రాతకీ చదువుకీ పనికొస్తుందని నిలబడినప్పుడు పండితులు ఏమన్నారు? అది పామరుల భాష, ఆయుష్షు లేనిదన్నారు. ఎవరికి ఆయుష్షు తీరిందో మీరే చూస్తున్నారు. ఇవాళ ఆ మహానుభావుల పేర్లతో 'గిడుగు', 'గురజాడ' అని తెలుగు అక్షరాల ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు వాటిని ఎవరైనా వాడుకునే లైసెన్సుతో ఇచ్చారు. నా మింట్‌లో అవి పెట్టుకున్నాను. ఈ వ్యాసం వాటితోనే టైపు చేస్తున్నాను.

ఎందుకింత పట్టుదల అంటే, నాకొక దెబ్బ తగిలింది. నా మొదటి నవల చాలా ఏళ్ళ కిందట ఒక డీటీపీ సెంటర్లో కొట్టించాను. అప్పటి పద్ధతిలో, ఆ సాఫ్ట్‌వేర్ ఉంటేనే కనబడే ఫాంటు. ఆ సెంటరు మూతపడింది. ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషూ లేదు, కొమ్ములూ తోకలూ ఉన్న పురుగుల వరస. నేను రాసిన నవల, నా డబ్బిచ్చి కొట్టించుకున్న నవల, నేనే చదవలేను! మార్పిడి చేసే ఉపకరణం ఒకటి దొరికితే పెట్టి చూశాను. సగం వచ్చింది, ఒత్తులన్నీ తారుమారు. రోజుకి రెండు పేజీల చొప్పున అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని దిద్దుకుంటున్నాను, ఈసారి యూనికోడ్‌లో. అది ఎవరి తాళంచెవి లేకుండానైనా తెరుచుకుంటుంది. తాళం వేరొకరి దగ్గర ఉన్న పెట్టెలో నగలు దాచుకోవడం ఏమిటో ఆ నవల నాకు నేర్పింది.

ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. మీ ఆయన లెక్కల ఉద్యోగానికి విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే, మార్చకండి. ప్రింటర్లు కొన్ని మొండికేస్తాయి. పిల్లలు ఆడే ఆటలు కొన్ని రావు. తెలుగులో మెనూలు అక్కడక్కడా ఇంగ్లీషులోకి జారిపోతాయి. ఇవన్నీ చుట్టపుచూపు రోజుల్లోనే తెలిసిపోతాయి, అందుకే తొందరపడొద్దన్నాను. కానీ ఉత్తరం రాసుకోవడానికీ, కరెంటు బిల్లు కట్టడానికీ, పిల్లలు పాఠాలు చూసుకోవడానికీ, సినిమా చూడ్డానికీ నలభై వేలు పొయ్యాలంటే మాత్రం, నేను పొయ్యను.

మొన్న ఒక బడికి ఉపన్యాసానికి పిలిస్తే వెళ్ళాను. మూల గదిలో గోనెపట్టా కప్పుకుని పది కంప్యూటర్లు. ఏమయిందంటే "పాతవైపోయాయండీ" అన్నారు. కేరళలో సర్కారు బడుల్లో ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే నడుస్తోంది. కైట్ అని వాళ్ళ ప్రభుత్వ సంస్థ, ఉబుంటు మీద తమకి కావలసినట్టు ఒక వ్యవస్థ తయారుచేసుకుని బడులన్నిటికీ ఇచ్చింది. 2018లో 'లిటిల్ కైట్స్' అని హైస్కూళ్ళలో పిల్లల చేతే క్లబ్బులు పెట్టించారు. మనకి పెన్‌డ్రైవ్ కరువా? మన పిల్లలకి చేతులు కరువా? ఆ గదిలో దుమ్ము చూసినప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదంటే నమ్మండి. హెడ్మాస్టరుగారితో చెప్పాను, ఒక ఆదివారం వచ్చి ఒకదానికి చేసి చూపిస్తానని. ఆయన "పైవాళ్ళని అడగాలమ్మా" అన్నారు. అడుగుతున్నారు. నేనూ ప్రతి వారం ఫోను చేసి అడిగారా అని అడుగుతున్నాను.

కిందటి నెల విజయనగరం వెళ్ళినప్పుడు పనిగట్టుకుని ఆ షాపుకి మళ్ళీ వెళ్ళాను, ఒళ్ళో అదే లాప్‌టాప్‌తో. మూత తీశాను. నిమిషంలోపే తెరుచుకుంది. కుర్రాడు ముందుకి వంగి చూశాడు, వెనక్కి తిప్పి కింద అంటించిన చీటీ చూశాడు, మళ్ళీ తెర చూశాడు.

"ఏటమ్మా, కొత్త డిస్కేసినారేటి?"

"ఏమీ వెయ్యలేదు బాబూ, నువ్వు పారెయ్యమన్నదే" అన్నాను.

లోపల ఏముందో, ఎవరు వేశారో అడిగాడు. చెప్పాను. కాసేపు తల గోక్కున్నాడు. వాళ్ళింట్లో చెల్లి ఇంటర్ చదువుతోందట, ఎవరో ఇచ్చేసిన పాత కంప్యూటరొకటి అటక మీద ఉందట. "ఆ పెన్‌డ్రైవ్ ఓపాలి నాకిద్దురూ, ఆదివారం సూసి ఇచ్చెత్తాను" అన్నాడు.

ఇచ్చాను. నాలుగు ఆదివారాలయ్యాయి. ఇంకా ఇవ్వలేదు.